కడుపులో ఊట

మన పల్లెటూళ్లలో "బల్ల" అని ఒక జబ్బుండేది. చలిజ్వరాలతో చిక్కి శల్యమైన పిల్లవాణ్ణి పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద చెయ్యి పెట్టి నొక్కి చూసి, "బల్ల పెరిగిందమ్మా వీడికి" అనేవారు పెద్దవాళ్లు. వాళ్ల చేతికి తగిలినది ప్లీహం. కుడి డొక్కలో తగిలితే అది కాలేయం. మాంసం కొట్టు దగ్గర దాన్నే కార్జం అంటారు. పొట్ట కుండలా ఉబ్బి నీరు చేరితే జలోదరం అన్నారు. ఒళ్లు తెల్లగా పాలిపోతే పాండురోగం అన్నారు. కళ్లు పచ్చబడితే కామెర్లు. వైద్యానికి తెలుగులో మాటలు లేవని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్ని ఉన్నాయి, ఇంకేం కావాలి?

అయితే ఒక విచిత్రం ఉన్నది. పైన చెప్పినవన్నీ వేరు వేరు జబ్బులే కానక్కరలేదు. ఒకే మనిషిలో, ఒకే కారణం వల్ల, అన్నీ కనిపించవచ్చును. కాలేయం గట్టిపడి, గడ్డలు గడ్డలుగా ముడుచుకుపోయిన మనిషికి ప్లీహం పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, కళ్లు పచ్చబడతాయి, నెత్తురు తగ్గి ముఖం పాలిపోతుంది. ఆ గట్టిపడడాన్నే డాక్టర్లు సిరోసిస్ అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెనెక్, 1819లో పెట్టాడు. గుండె చప్పుడు వినే స్టెతస్కోపును కనిపెట్టినవాడూ ఆయనే. చెడిపోయిన కాలేయం పసుపూ గోధుమా కలిసిన రంగులో కనబడితే, ఆ రంగుకు గ్రీకు భాషలో ఉన్న మాటను తెచ్చి తగిలించాడు. వింటేనే గుండె జారిపోయే ఆ పేరుకు అర్థం ఉత్త రంగన్నమాట!

ఈ వరసలో ఇంకొకటి ఉన్నది. దానికి మాత్రం మనకు మాట లేదు. ఉండడానికి వీలూ లేదు. ఎందుకంటే అది చేతికి తగలదు, కంటికి కనబడదు. కడుపు లోపలి పొరలో జరుగుతుంది. ఆస్పత్రి కాగితంలో "పోర్టల్ హైపర్‌టెన్సివ్ గ్యాస్ట్రోపతీ" అని రాసి ఉంటుంది. మా తెలుగు పండితుల చేతికి అప్పగిస్తే "ద్వారసిరాధికపీడనజన్య జఠరవికృతి" అని ఒక సమాసం చేసి ఇస్తారు. సమాసం నిర్దోషమే. రోగి మాత్రం అది విని ఇంకొంచెం జబ్బు పడతాడు. అందుకని ఈ వారం ఆ సమాసాన్ని విప్పే పని పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో కొంచెం ఆగి చెబుతాను.

ఒంట్లో నెత్తురు నడిచే దారి మనకు చిన్న తరగతుల్లోనే చెప్పారు. గుండె నుంచి బయలుదేరి, ధమనుల్లో అవయవాలకు పోయి, సిరల్లో తిరిగి గుండెకు చేరుతుంది. కాలి నుంచైనా అంతే, తల నుంచైనా అంతే. కడుపు, పేగులు, ప్లీహం, వీటి నెత్తురుకు మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. అది తిన్నగా గుండెకు పోరాదు. తిన్న తిండిలోని సారాన్నీ, దానితోపాటు లోపలికి జొరబడిన విషాన్నీ మోసుకువచ్చే నెత్తురది. నిజాం కాలంలో కరోడ్‌గిరీ నాకా దగ్గర బండి ఆపి మూట విప్పి చూపించవలసి వచ్చినట్టు, అది ముందు కాలేయం దగ్గర ఆగి లెక్క చెప్పాలి. అందుకని ఆ చిన్న చిన్న సిరలన్నీ ఒక పెద్ద సిరలో కలిసి కాలేయం గుమ్మానికి వస్తాయి. పోర్టల్ సిర అంటే అదే. లాటిన్ భాషలో పోర్టా అంటే ద్వారం. బెత్తెడు పొడుగుంటుందేమో ఆ సిర. కాని కాలేయానికి చేరే నెత్తురులో దాదాపు ముప్పాతిక వంతు దానిగుండానే రావాలి.

మామూలు మనిషిలో ఈ దారిలో ఒత్తిడి బహు స్వల్పం. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ 120 అనుకోండి. అదే కొలతలో, కాలేయానికి ఇవతలా అవతలా ఉండే ఒత్తిడి తేడా 5 దాటదు. కాలేయం గట్టిపడ్డకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. 10కి చేరిందంటే చిక్కులు మొదలవుతాయి. 12 దాటిన తరువాత సిరలు చిట్లి నెత్తురు పడే ప్రమాదం ఉన్నది. కాగితంలో "హైపర్‌టెన్సివ్" అన్న మాట చూసి "నాకు బీపీ లేదే, ఇదెక్కడిది?" అనేవారు చాలామంది. ఆ బీపీ వేరు, ఈ బీపీ వేరు. సిరోసిస్ ముదిరిన మనిషికి చేతి బీపీ తగ్గుతుంది కూడాను.

మా అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర, ఒక పెద్ద వాన పడ్డ సాయంత్రం, ఏ షాపు మెట్టు మీదనో నిలబడి చూసినవారికి తక్కిన కథ నేను చెప్పనక్కరలేదు. కింద కాలవ మూసుకుపోతే నీరు వెనక్కి తిరిగి ఆకాశానికి పోదు గదా! ముందు రోడ్డెక్కుతుంది. తరువాత సందుల్లోకి దూరుతుంది. ఎన్నడూ నీరు పారని చోటల్లా పారుతుంది. ఆ తరువాత గోడలకు చెమ్మ ఎక్కి, సెల్లారులో సున్నం ఉబ్బి, నీరు చుక్కలు చుక్కలుగా ఊరుతుంది. పోర్టల్ సిరకు జరిగేదీ ఇదే. కాలేయం దగ్గర దారి ఇరుకైతే నెత్తురు పక్కసందులు వెతుక్కుంటుంది. అన్నవాహిక కింది కొసన ఉండే సన్నని సిరలు ఆ వరద పట్టలేక వానపాముల్లా ఉబ్బుతాయి. డాక్టర్లు వాటిని వేరిసెస్ అంటారు. అవి చిట్లితే గిన్నెడు నెత్తురు ఒక్కసారిగా కక్కుకుంటాడు మనిషి. అందరూ భయపడేది దానికి, భయపడవలసిందే.

నేను చెప్పబోయేది ఆ వరద సంగతి కాదు, గోడకెక్కిన చెమ్మ సంగతి. కడుపు లోపలి పొరలో వెంట్రుకల్లాంటి రక్తనాళాలుంటాయి. వెనక నుంచి ఒత్తిడి తగిలి అవి వెడల్పవుతాయి, పొర ఉబ్బుతుంది, ఎక్కడ పడితే అక్కడ నెత్తురు సన్నగా చెమరుస్తుంది. మన రైతులు బావిలో నీరు ఊరే చోటును ఊట అంటారు. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. వేరిసెస్ పగలడం వరద, గ్యాస్ట్రోపతీ ఊట. వరద వస్తే ఊరంతా లేస్తుంది. ఊట ఎవరికీ తెలియదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. చాలామందిలో అసలు ఏ లక్షణమూ ఉండదు. కొందరిలో మాత్రం రోజుకు కాస్త చొప్పున నెత్తురు పోయి, ఆరు నెలలకో ఏడాదికో మనిషి పాలిపోతాడు. పాండురోగమంటాము, ఐరన్ మాత్రలంటాము, నీరసమంటాము. నెత్తురు ఎటు పోతున్నదని అడిగేవాడుండడు. ఒక్కొక్కప్పుడు విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో అవుతుంది. (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా విరేచనం నల్లబడుతుంది, దానికి ఆ జిగటా ఆ వాసనా ఉండవు. హడలిపోకండి, కాని సందేహం ఉంటే ఊరుకోకండి.)

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సాఫ్ట్‌వేరు కోర్సులకనీ ఉద్యోగ పరీక్షలకనీ జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు అన్నం పెట్టే మెస్సులు అమీర్‌పేటలో సందుకు నాలుగున్నాయి. అటువంటి మెస్సు ఒకటి నడిపే ఆయన నాకు చాలాకాలంగా తెలుసు. మెదక్ వైపు మనిషి. యాభై దాటాయి. భారీ విగ్రహం, పదిహేనేళ్ల చక్కెర జబ్బు. పొద్దున్న అయిదింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం మూడున్నర దాకా వచ్చినవాడికల్లా వడ్డించడమే గాని తాను ముద్ద ముట్టడు. మోకాళ్ల నొప్పులకు మందుల కొట్లో అడిగి మాత్రలు, ఆ మాత్రల మంటకు మరొక మాత్రలు. క్రమంగా మెట్లెక్కితే ఆయాసం పట్టుకున్నది. నెత్తురు పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు. నెత్తురెక్కించారు, మూడు నెలలకు మళ్లీ ఏడు. చివరికి పంజగుట్ట వైపు ఒక ఆస్పత్రిలో కడుపులోకి గొట్టం వేసి చూశారు. పైన చెప్పిన మూడు ముక్కలూ ఆ కాగితంలోవే.

ఆ కాగితం పట్టుకుని ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. తెలుగు పాఠం చెప్పేవాడికి ప్రపంచంలోని మాటలన్నీ తెలుస్తాయని మా పేటలో ఒక నమ్మకం.

"సార్, జర గీ కాయితం చూడుండ్రి. గన్ని దినాల సంది గ్యాస్ బీమారి అనుకున్నం. ఇప్పుడు లివర్ కరాబైంది అంటున్నరు. ఆయన పెండ్లిల గూడ సుక్క ముట్టలే సార్. గీ మాట బయటికి పోతె ఎవలన్న నమ్ముతరా?" అన్నది.

నమ్మరని ఆమెకు అప్పటికే తెలుసు. పిల్లకు సంబంధం ఖాయమయ్యే దశలో ఉన్నది. పిల్లవాడి మేనమామ ఒకరోజు వచ్చి మెస్సులో కడుపునిండా భోజనం చేసి, వెళ్తూ వెళ్తూ పక్కన పాన్ డబ్బా వాణ్ణి అడిగాడట: "సేటు మందు తాగుతడా?" అని. వాడు లేదన్నాడట. "మరి లివర్ ఎట్ల పోయింది?" అని మేనమామ. దానికి పాన్ డబ్బావాడి దగ్గర సమాధానం లేదు.

సమాధానం ఉన్నది. తాగుడు సిరోసిస్‌కు పెద్ద కారణమే. దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కాని అది ఒక్కటే కారణం కాదు. హెపటైటిస్ బీ, సీ అనే రెండు వైరస్‌లు ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా కాలేయంలో కూర్చుని ఈ పని చేస్తాయి. చక్కెర జబ్బూ స్థూలకాయమూ ఉన్నవాళ్లలో కాలేయానికి కొవ్వు పట్టి, కొందరిలో ఆ కొవ్వు మంటగా, మంట మచ్చగా, మచ్చ గట్టితనంగా మారుతుంది. మెస్సు ఆయనది ఈ దారి. సిరోసిస్ బొత్తిగా లేకుండానే, పోర్టల్ సిరలో గడ్డ అడ్డుపడి ఒత్తిడి పెరిగేవాళ్లూ ఉన్నారు. వారి కడుపులోనూ ఈ ఊట కనబడవచ్చును.

ఇక్కడ మాటల మనిషిగా నాకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి. ఈ కొవ్వు కాలేయానికి డాక్టర్లు మొన్న మొన్నటి దాకా పెట్టుకున్న పేరు "నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్" అని. తాగనివాడి జబ్బుకు పేరు పెట్టేటప్పుడు కూడా తాగుడునే తలుచుకున్నారు చూడండి! ఎవరినైనా పరిచయం చేస్తూ "వీరు దొంగ కారు" అన్నట్టుంది. 2023లో అనేక దేశాల కాలేయ వైద్య సంఘాలవారు కలిసి కూర్చుని ఆ పేరు మార్చారు. జబ్బు పేరే రోగి పరువు తీస్తున్నదన్నది వారు చెప్పిన కారణాల్లో ఒకటి. కొత్త పేరులో తాగుడు ఊసు లేదు, "ఫ్యాటీ" అనే మాట కూడా లేదు. ఒంటి జీవక్రియ లోపం అన్న అర్థం మాత్రం ఉన్నది. పెద్ద పెద్ద డాక్టర్లు ఒక మాట కోసం ఇంత తర్జనభర్జన పడడం నాకు బహు ముచ్చట వేసింది. ఆ కబురు పాన్ డబ్బా దాకా రావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో!

పేరు మార్చవలసిన అవసరం మన కడుపు జబ్బుకు కూడా ఒకప్పుడు వచ్చింది. అది చెప్పాలంటే ముందు గొట్టం కథ చెప్పాలి. బతికున్న మనిషి కడుపులోకి తొంగి చూడాలన్న కోరిక డాక్టర్లకు చాలా పాతది. 1932లో జర్మనీలో షిండ్లర్ అనే ఆయన కింది సగం వంగే గొట్టం ఒకటి చేయించాడు. పై సగం మాత్రం కర్రే. రోగి తల వెనక్కి వాల్చి, కత్తి మింగేవాడిలా దాన్ని మింగాలి. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ అనే యువకుడు వెంట్రుకల్లాంటి గాజుపోగుల్ని కట్టగట్టి, ఎటు కావాలంటే అటు వంగే గొట్టం తయారుచేశాడు. రోగి మీద ప్రయోగించే ముందు దాన్ని తానే మింగి చూశాడు. అటువంటి డాక్టర్లంటే నాకు గౌరవం.

గొట్టం మెత్తబడ్డాక లోపలి వింతలు చాలా బయటపడ్డాయి. సిరోసిస్ ఉన్నవాళ్ల కడుపు పై భాగంలో పొర అంతా పాముచర్మంలా కనిపించింది. గులాబి రంగు పొలుసులు, వాటి మధ్య తెల్లని సన్నని గీతల వల. జబ్బు ముదిరినచోట ఎర్రని చుక్కలు, నల్లబడిన మచ్చలు. ఎర్రగా ఉన్నది కాబట్టి గ్యాస్ట్రైటిస్ అన్నారు. పేరు చివర "ఐటిస్" వచ్చిందంటే అక్కడ మంట ఉన్నదని అర్థం. మంటకు మందు ఆమ్లం తగ్గించే మాత్ర. ఆ మాత్రలు ఇస్తూ పోయారు, ఊట ఆగలేదు. 1985లో ఇంగ్లండులో షెఫీల్డు డాక్టర్లు కడుపుపొర ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూసి, అక్కడ మంట తాలూకు కణాలు దాదాపు లేనే లేవనీ, ఉన్నదల్లా ఉబ్బిన రక్తనాళాలేననీ చెప్పారు. ఇది ఐటిస్ కాదు, నెత్తురు నిలవడం వల్ల వచ్చిన వికారం అన్నారు. పేరు తప్పయితే మందూ తప్పవుతుంది. తెలుగు విద్యార్థులకు విభక్తి ప్రత్యయం మారితే వాక్యం మారుతుందని ముప్పై సార్లు చెప్పినా ఎక్కదు. ఈసారి ఈ కథ చెబుదామనుకుంటున్నాను.

ఇటువంటి పరీక్షకు ఒకప్పుడు మనవాళ్లు వెల్లూరో మద్రాసో పోవలసివచ్చేది. ఇప్పుడు ఆ విద్యకు మన ఊరే పేరు పడ్డది. కర్నూలు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారు పంజగుట్ట పక్కనే సోమాజిగూడలో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఈ గొట్టపు విద్య నేర్చుకోవడానికి ఇతర దేశాల డాక్టర్లు వస్తారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. కడుపులోకి చూసే ఆయనకు దేశపు రెండో పెద్ద బిరుదు రావడం, నిత్యం కడుపు గురించే ఆలోచించే మన జాతికి న్యాయమైన గౌరవమే.

మందు సంగతి. ఊటను ఆపాలంటే గోడకు సున్నం కొట్టి లాభం లేదు, కాలవలో ఒత్తిడి తగ్గాలి. అందుకు వాడే ముఖ్యమైన మందు ప్రొప్రనొలాల్ జాతిది. నిజానికది గుండెనొప్పి కోసం 1960లలో వచ్చిన మందు. కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అది పోర్టల్ ఒత్తిడిని కూడా తగ్గిస్తుందని 1980 ప్రాంతంలో పారిస్‌లో లెబ్రెక్ బృందం చూపించింది. కడుపు ఊటకు అది పనిచేస్తుందని 1991లో స్పెయిన్ డాక్టర్లు రోగుల మీద పరీక్షించి ప్రకటించారు. చవక మాత్రే. కాని చెప్పకుండా కొనుక్కుని మింగే మాత్ర కాదు సుమండీ. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. పొట్టలో నీరు చేరి చేతి బీపీ పడిపోయినవాళ్లకూ ప్రమాదమే. దానితోపాటు పోయిన ఇనుము మళ్లీ ఇవ్వాలి. నోటి మాత్రలు చాలకపోతే సూదిమందుగా నరంలోకి ఎక్కిస్తారు.

ఇదే కడుపులో దీనికి కవలపిల్లలా కనిపించే జబ్బు మరొకటి ఉన్నది. కడుపు కింది భాగంలో ఎర్రని చారలు పుచ్చకాయ మీది చారల్లా వస్తాయి. డాక్టర్లు దాన్ని ముద్దుగా పుచ్చకాయ కడుపు అంటారు. దానికి ప్రొప్రనొలాల్ పనిచెయ్యదు. గొట్టంలోంచి ఆర్గాన్ అనే వాయువుతో విద్యుత్తు పంపి ఆ చారల్ని మాడ్చాలి. చూసే కన్ను రెంటికీ తేడా పట్టగలగాలి.

ఏ మందుకూ లొంగనప్పుడు కాలేయం మధ్యగా లోహపు వలగొట్టం ఒకటి దించి, పోర్టల్ సిరను అవతలి సిరతో కలిపే పద్ధతి ఉన్నది. సొరంగం తవ్వినట్టన్నమాట. ఒత్తిడి చప్పున దిగుతుంది. కాని నాకా తప్పించుకుపోయిన బండ్లలో ఏముంటుందో మీకు తెలుసు. లెక్క చెప్పకుండా పోయిన విషాలు మెదడుకెక్కి కొందరికి మతి తడబడుతుంది. కాబట్టి అది అందరికీ చెయ్యరు.

మెస్సు ఆయనకు అంతవరకు రాలేదు. మొట్టమొదట మోకాళ్ల నొప్పి మాత్రలు మానిపించారు. ఈ జబ్బున్నవాడికి ఆ మాత్రలు కడుపుపొరకూ చేటు, మూత్రపిండాలకూ చేటు. గ్యాసు మాత్రలు కూడా అవసరమైతేనే అన్నారు. తరువాత వచ్చింది తిండి గొడవ. లివర్ అనగానే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. ఉప్పు లేని చప్పిడి మజ్జిగన్నం, పప్పు మానేయడం, గుడ్డు నిషేధం. ఉప్పు తగ్గించడం మంచిదే. నీరు చేరేవాడికి ఆవకాయా అప్పడమూ శత్రువులే. కాని పప్పూ గుడ్డూ పాలూ మానిపిస్తే కండ కరిగి మనిషి ఇంకా చెడతాడు. కాలేయం చెడ్డవాడు ఆకలితో ఉండకూడదు. ఒంటి బరువు కిలోకు ఒకటింబావు గ్రాము, ఒకటిన్నర గ్రాము దాకా మాంసకృత్తులు తినాలనీ, రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా కొంచెం తినాలనీ ఈనాటి డాక్టర్లు చెబుతున్నారు. వందమందికి అన్నం పెడుతూ తాను మూడున్నర దాకా పస్తుండే మనిషికి ఈ మాట ఎక్కించడానికి ఆయన భార్యకు నెల పట్టింది. "ఊరందరికి పెడ్తవు, నీకు నేను పెడ్త, కూసో" అని పదిన్నరకు కంచం ముందు కూర్చోబెట్టి మరీ తినిపిస్తున్నది.

పసర్ల సంగతి కూడా అడిగింది ఆమె. కామెర్లకు నేల ఉసిరి మనవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నదే. దాన్ని పాశ్చాత్యులు ఎగతాళి చేశారనుకోకండి. హెపటైటిస్ బీ వైరస్‌ను గుర్తించి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బ్లంబర్గే మద్రాసు డాక్టర్లతో కలిసి 1980లలో దాని మీద పరిశోధించాడు. 1988లో వచ్చిన ఫలితం ఆశ కలిగించింది. తరువాత చేసిన పరీక్షల్లో మాత్రం అది నిలబడలేదు. ఇక రోడ్డు పక్కన పోసే పసరులో నేల ఉసిరి ఎంతో, మరొకటి ఎంతో పోసినవాడికే తెలియదు. ఉన్న కాలేయం అరకొర అయినప్పుడు దాని మీద తెలియని మందు పోయడం నేనైతే ఒప్పుకోను.

ఆ హెపటైటిస్ బీకి టీకా ఉన్నది. ఒకప్పుడది విదేశాల నుంచి రావాలి, ధర సామాన్యుడికి అందదు. మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో దాన్ని తయారుచేసి చవకగా అమ్మారు. ఆ సంస్థను స్థాపించిన కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు "హాసం" అనే పత్రిక నడిపిన సాహిత్యాభిమాని కూడా కావడం మావంటివాళ్లకు ఒక గర్వకారణం. ఇప్పుడు పుట్టిన పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తున్నది. సీ రకానికి టీకా లేదు గాని, నూటికి తొంభైమందికి పైగా నయం చేసే మాత్రలున్నాయి. మూడు నెలలు వాడితే చాలు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద వాటిని ఉచితంగా ఇస్తున్నారు. కాబట్టి సిరోసిస్ అని తేలిన ఇంట్లో మొదట అడగవలసిన ప్రశ్న "తాగుతాడా?" అన్నది ఒక్కటే కాదు, "బీ, సీ పరీక్షలు చేయించారా, చక్కెర ఎంత ఉన్నది?" అన్నది కూడా. మెస్సు ఆయనకు బీ, సీ రెండూ లేవు.

ఇవన్నీ కుదించి, సమాసాలు లేకుండా, ఒక పేజీ తెలుగులో రాసి ఇచ్చాను. దాన్ని ఆమె పిల్లవాడి మేనమామకు పంపించింది. ఆయన చదివాడట. "రాసినాయన డాక్టరా?" అని అడిగాడట. కాదు, తెలుగు సారు అంటే, "అట్లనా" అని ఊరుకున్నాడట. ఈ వ్యాసం అచ్చుకు పంపేనాటికి వాళ్ల నుంచి కబురు లేదు. పిల్ల మాత్రం ఎం.కాం. పరీక్షల ఫీజు కట్టేసింది.

ఆఖరి మందు ఒకటి ఉన్నది: కాలేయాన్నే మార్చడం. స్టార్జల్ అనే అమెరికా సర్జన్ 1963లో మొదలుపెట్టి, 1967లో మొదటిసారి గెలిచాడు. మన దేశంలో 1998లో సాధ్యమైంది. కొత్త కాలేయం వస్తే పోర్టల్ దారి తెరుచుకుంటుంది, కడుపుపొర కూడా క్రమంగా మామూలవుతుంది. మరణించిన దాతల అవయవాలను ఇప్పించే జీవన్‌దాన్ పథకం పంజగుట్టలోని నిమ్స్ కేంద్రంగానే నడుస్తున్నది. నిజాం ధర్మనిధి కట్టించగా 1964లో ఎముకల ఆస్పత్రిగా తెరిచిన ఆ భవనం 1989 చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందింది. విరిగిన కాళ్లకని కట్టినచోట ఇవాళ కాలేయాలు మారుస్తున్నారు. ఇక బతికున్నవారు కూడా తమ కాలేయంలో ఒక భాగం ఇవ్వవచ్చును. సగానికి పైగా ఇచ్చినా కొద్ది నెలల్లో మళ్లీ పెరిగే అవయవం అదొక్కటే.

ఈ మాట మెస్సు ఆయన తమ్ముడి చెవిన పడ్డది. వంటింట్లో పెనం దగ్గర ఉండే మనిషి, మాట తక్కువ. మరునాడే అన్నతో పాటు డాక్టరు దగ్గరికి పోయి, "నా కార్జం తీసుకోరి" అన్నాడట. ఇప్పుడా అవసరం లేదనీ, మందులతో హిమోగ్లోబిన్ పదికి వచ్చిందనీ, ఆరు నెలలకొకసారి స్కానింగు చేయించుకుంటూ వస్తే చాలుననీ డాక్టరు చెప్పాడు. తమ్ముడు సరేనన్నాడు గాని, మొన్న నేను భోజనానికి పోయినప్పుడు చూశాను: బ్లడ్ గ్రూపు కాగితం నాలుగు మడతలు పెట్టి, ఒక ప్లాస్టిక్ కవరులో, చొక్కా జేబులోనే ఉంచుకుని చపాతీలు కాలుస్తున్నాడు.